నాంచారమ్మ పట్టుకోని చేతులు

అనగనగా ఒక ఊళ్ళో, మరీ రాజుల కాలం నాటి మాట కాదులే, మీ అన్నయ్య మూతికి గుడ్డ కట్టుకు తిరిగిన రోజుల్లోనే, నాంచారమ్మ అనే గాజులావిడ ఉండేది. గాజుల మలారం భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేది. ఎంత బిరుసు చెయ్యైనా సరే, మెత్తగా నొక్కి, కబుర్లలో పెట్టి, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించేసేది. ఆవిడ పట్టుకోని ఆడపిల్ల చెయ్యి ఆ ఊళ్ళో లేదు.

అప్పుడు ఆ మాయదారి దగ్గుజబ్బు వచ్చింది. ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు. కానీ మాణిక్యమ్మగారి అమ్మాయి కుసుమకి ఏడో నెల వెళ్ళిపోతోంది. ఎనిమిదిలో సీమంతం చెయ్యరు కదా! అందుకని గుట్టుగా ఐదుగురు ముత్తయిదువలని పిలిచి, నాంచారమ్మ చేత కుసుమకి గాజులు వేయించారు.

ఆ తర్వాత మూడో రోజున కుసుమ మంచం పట్టింది. పదిరోజులు తిరక్కుండా కుసుమా లేదు, కడుపులో బిడ్డా లేదు. ఏం చెప్పను తల్లీ!

నాంచారమ్మకి ఒకటే మాట పట్టుకుంది. "ఇల్లిల్లూ తిరిగిన చేతులు నావే. నేనే అంటించాను." మొదట సబ్బుతో చేతులు రుద్దడం మొదలుపెట్టింది, తోలు చిట్లేదాకా. ఆ తర్వాత మలారం అటక మీద పడేసింది. ఆ తర్వాత సొంత మనవరాలు చంకెక్కబోయినా "దూరం, దూరం" అంటూ గోడకి అంటుకుపోయేది.

జబ్బు ఊరొదిలి పోయింది. నాంచారమ్మ మాత్రం గదిలోంచి రాలేదు. కొడుకు మనసు జబ్బుల డాక్టరమ్మకి చూపించాడు. ఆవిడిచ్చిన మాత్రలకి నిద్ర పట్టింది, నాలుగు మెతుకులు సయించాయి. కానీ ఎవరినీ ముట్టుకోదే! "అదంతా అయిపోయి రెండేళ్ళయిందమ్మా" అని కొడుకంటే, "ఆ పిల్ల తిరిగి రాలేదుగా" అనేది.

అప్పుడు ఒకరోజు మధ్యాహ్నం మాణిక్యమ్మే వచ్చింది. నాంచారమ్మ గోడకి అంటుకుపోయింది. తిట్టడానికే వచ్చిందనుకుంది. తిట్టినా బాగుండుననుకుంది.

మాణిక్యమ్మ గుమ్మంలోనే కూలబడింది. "నాంచారీ, ఆ పొద్దున నాకే ఒళ్ళు కాలిపోతోందే. పేరంటం ఆగిపోతుందని మాత్ర మింగి, ఎవరికీ చెప్పలేదు. నా చేత్తోనే దానికి తల దువ్వాను, చలిమిడి తినిపించాను. నువ్వు తప్పంతా నీ మీద వేసుకుంటున్నావని విన్నాను. విని కూడా ఊరుకున్నాను. నీ మీదుంటే నా మీద లేనట్టేనని..."

నాంచారమ్మకి కోపం వచ్చింది. రెండేళ్ళు! ఎందుకు రాదు? కానీ ఎదురుగా ఉన్నది బిడ్డని పోగొట్టుకున్న తల్లి.

"ఎవరి నుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి, అమ్మగారూ" అంది. మెల్లిగా దగ్గరికి జరిగి, మాణిక్యమ్మ చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ఇద్దరూ కుసుమని పేరుపెట్టి పిలుచుకుని ఏడ్చారు. రెండేళ్ళలో ఆ పిల్ల పేరు పైకి అనడం వాళ్ళిద్దరికీ అదే మొదలు.

కథ కంచికి నడిచింది,
కన్ను కునుక్కి ఒరిగింది,
ఇంటికొచ్చాం మనమిద్దరం,
ఇక బజ్జోవే, బంగారం.