నీలాంగదుడి ఈల

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రాజు. ఆయనకో రాణి, ముగ్గురు కొడుకులు. ఒకరోజు పొద్దున్నే చిన్నవాడు నీలాంగదుడు తల్లికి దండం పెడితే, ఆవిడ వాడి ముఖం తేరిపార చూసి, "ఎవరి పిల్లాడివి నాయనా? అన్నం తిన్నావా?" అంది.

ఏడు సముద్రాల అవతల మరపుదీవిలో కరాళుడనే మాంత్రికుడున్నాడు. వాడి మంత్రబలమంతా ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక ఊరూరా తిరిగి మనుషుల జ్ఞాపకాలు నోట కరుచుకుపోతుంది. ఆ జ్ఞాపకాలు దాని నోట్లో ఉన్నంతకాలం వాడి మంత్రం పారుతుంది. రాణి జ్ఞాపకాలు తేవడానికి పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆ దీవిలో కునుకు తీస్తే చాలు, ఎందుకొచ్చామో మరిచిపోతారు.

నీలాంగదుడు బయలుదేరాడు. ఒడ్డున నీళ్ళలో ఒక డాల్ఫిన్ పిల్ల వలలో చిక్కుకుంది. తల్లి దాన్ని మూతితో పైకి తోస్తోంది, తోస్తోంది.

"నీళ్ళలోనే ఉందిగా దొరా, చేపకేం భయం?" అన్నాడు ఒడ్డునున్న జాలరి.

నీలాంగదుడు వంగి చూశాడు. పిల్ల నడినెత్తిన చిన్న రంధ్రం. "అయ్యో, దీనికి ఊపిరాడటం లేదు!" అని దూకి వల కోసేశాడు. పిల్ల పైకి తేలి బుస్సుమని గాలి పీల్చుకుంది.

"మేం చేపలం కాదు నాయనా," అంది తల్లి. "నీలాగే గాలి పీలుస్తాం, పిల్లలకు పాలిస్తాం. ఎక్కడికి ప్రయాణం?"

"మరపుదీవికి. సీసా మూతి తల్లీ, దారి తెలుసా?"

"నా మూతిని వెక్కిరించింది చాల్లే, ఎక్కు!"

పొగమంచులో ఆమె టిక్కుటిక్కుమంటూ చప్పుడు చేసేది. అది రాళ్ళకు తగిలి తిరిగొస్తే, ఏ రాయి ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయేది. మధ్యమధ్య ఆగేది. "ఏమైంది తల్లీ?" అంటే, "బుజ్జిది పాలు తాగొద్దూ!" అనేది.

"మా పిల్లలు ఎవరి ఈల వాళ్ళే కట్టుకుంటారు. అదే వాళ్ళ పేరు. నువ్వూ ఒకటి కట్టుకో," అందొకసారి. నీలాంగదుడు అమ్మ జోలపాటలోంచి ఒక చిన్న ముక్క తీసి ఈల వేశాడు. ఏడు సముద్రాలూ ఆమె ఆ ఈలతోనే వాణ్ణి పిలిచింది, వాడు పలికాడు.

దీవి దగ్గరపడగానే వాడికి దిగులు పట్టుకుంది. "తల్లీ, నిద్ర ఆగదు. అమ్మను మరిచిపోతానేమో!"

"నేను సగం మెదడుతోనే నిద్రపోతాను నాయనా, ఒక కన్ను తెరిచే ఉంటుంది. మొత్తం నిద్రపోతే పైకొచ్చి గాలి పీల్చేదెవరు? ఈ మాయ నాకంటదు. నీ పేరు నా దగ్గరుంటుంది, వెళ్ళిరా."

అనుకున్నట్టే నిద్ర ముంచుకొచ్చింది. లేచేసరికి ఎదురుగా కరాళుడు. "నీ పేరు పనివాడు. ఇదిగో కడవ," అన్నాడు. నీలాంగదుడు అన్నల పక్కనే మొక్కలకు నీళ్ళు పోశాడు. అన్నలు వాణ్ణి ఎరగరు, వాడు అన్నల్ని ఎరగడు.

అప్పుడు సముద్రంలోంచి ఈల వినిపించింది. వాడి పెదవులు వాటంతటవే బదులు పలికాయి. జోలపాట గుర్తొచ్చింది, ఆ వెనకే అమ్మ గుర్తొచ్చింది. చేతిలో కడవ జారిపోయింది.

తోటలో ఒక అమ్మాయి కరాళుడి చిలుకకు జామపండు చూపిస్తోంది. చిలుక నోరు విప్పదు. 'మాట్లాడని చిలుక ఎక్కడైనా ఉంటుందా? నోట్లో ఏదో దాచింది,' అనుకుని నీలాంగదుడు ఈల వేశాడు. చిలుక తల తిప్పింది. మళ్ళీ వేశాడు. దాని గొంతులో దురద పుట్టింది. మూడోసారి సముద్రంలోంచి డాల్ఫిన్ కూడా గొంతు కలిపింది. ఇక చిలుక ఆగలేక తనూ ఈల వేసింది!

నోరు తెరవగానే జ్ఞాపకాలన్నీ తేనెటీగల్లా లేచిపోయాయి. "తమ్ముడూ!" అంటూ అన్నలు పరుగెత్తుకొచ్చారు. "నేను పగడాలదీవి రాజు కూతుర్ని, సువర్చలను!" అని ఆ అమ్మాయి గంతులేసింది. కరాళుడు మాత్రం మంత్రం మరిచాడు, తన పేరూ మరిచాడు. సువర్చల జాలిపడి వాడి చేతిలో కడవ పెట్టింది.

డాల్ఫిన్ దారి చూపగా అందరూ తిరిగొచ్చారు. ఇంట్లో అడుగుపెట్టగానే రాణి, "వచ్చావా నా చిన్నికన్నా! ఎంత చిక్కిపోయావురా!" అంది. సువర్చలతో నీలాంగదుడికి ఊరంతా పందిరేసి పెళ్ళి చేశారు. అన్నలిద్దరూ చెరో రాజ్యం ఏలుకోగా, వాడు తండ్రి సింహాసనమెక్కి చల్లగా చాలాకాలం ఏలాడు.

ముసలితనంలో కిరీటం ఎక్కడ పెట్టాడో వాడికి గుర్తుండేది కాదు. "తలమీదే ఉందిగా మహారాజా!" అని సువర్చల నవ్వేది. కానీ సాయంత్రం ఒడ్డుకెళ్ళి ఈల వేస్తే, అలల్లోంచి అదే ఈల తిరిగొచ్చేది. వాళ్ళ కథ ఒడ్డుకు చేరింది, ఇక మీరు దుప్పట్లో దూరండి.