కిర్రుమనని పెళ్ళిబుట్ట

కాదు పండూ, అమ్మమ్మ మర్చిపోలేదురా. మొన్నటి నుంచీ నువ్వు కథ అడుగుతూనే ఉన్నావు, నేను రేపు రేపు అంటూనే ఉన్నాను, ఏమనుకోకు నాన్నా. ఇంటినిండా చుట్టాలు. ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, ఎవరో ఒకరు పక్కన చేరి ఎవరితో వదినా అంటారు. ఇప్పుడు మేడ మీదకొచ్చి కూచున్నాను. దుప్పటి కప్పుకున్నావా? ఫోను అమ్మకిచ్చెయ్యి, నువ్వు పట్టుకుంటే మధ్యలో నొక్కేస్తావు.

అనగనగా ఒక కాలవ. ఆ కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊరి చివర మేదరి వీధి. మేదరివాళ్ళంటే తెలుసుగా, వెదురు చీల్చి బుట్టలూ చేటలూ తట్టలూ అల్లుతారు. ఆ వీధిలో ఏ అరుగు మీద చూసినా పచ్చి వెదురు వాసనే.

ఆ వీధిలో సత్తెమ్మ అని ఒకావిడ ఉండేది. సత్తెమ్మ బుట్ట అల్లిందంటే ఇంక దానికి చావు లేదు. చిన్నప్పుడు ఆ బుట్టలో కూచుని ఆడుకున్నవాడు పెద్దాడై, పెళ్ళి చేసుకుని, తన పిల్లల్ని కూడా అదే బుట్టలో కూచోబెట్టేవాడు. కానీ చూడ్డానికి మాత్రం ఏమీ ఉండేది కాదు. మొద్దుగా, మొరటుగా, బుట్టలాగా ఉండేది, అంతే.

ఆ సత్తెమ్మకి ఒక కోడలు. పేరు నూకాలు. తుని వైపు పిల్ల. ఆ పిల్ల చెయ్యి ఎంత సన్నమైన చెయ్యంటే, వెదురుని దారంలా చీల్చేది. చీల్చి, కొన్ని బద్దలు పసుపు నీళ్ళలో వేసేది, కొన్ని ఎర్రరంగులో వేసేది. అప్పుడు బుట్ట మీద మల్లెమొగ్గలు తేల్చేది, చిలకల్ని తేల్చేది, చేప పొలుసులు తేల్చేది. ఎవరైనా తన బుట్ట చూసి, ఆగి, ఇది నూకాలు చేతిదే అనాలని ఆ పిల్ల కోరిక. ఇంకేమీ అక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు.

సత్తెమ్మ ఊరుకునేదా. "కోళ్ళగంపకి పూలెందుకే? కోడికేమైనా పెళ్ళా?" అనేది.

"చూడ్డానికి బాగుంటుంది కదత్తా," అనేది నూకాలు.

"కోడి లోపలుంటుంది, పూలు బయటుంటాయి. అదెలా చూస్తుందే?"

నూకాలుకి నవ్వొచ్చేది, ఆ వెంటనే ఉక్రోషం కూడా వచ్చేది. అత్త ఏదో ఒకరోజు నా చేతికి పెళ్ళిబుట్ట ఇవ్వకపోతుందా అని చూసేది. పెళ్ళిబుట్ట అంటే మామూలు బుట్ట కాదు పండూ. మన వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు నడిచిరాదు. బుట్టలో వడ్లు పోసి, పైన కొత్తబట్ట పరిచి, అందులో కూచోబెడతారు. మేనమామలు అటూ ఇటూ పట్టుకుని ఎత్తి, పీటల దగ్గరికి తీసుకొస్తారు. మీ అమ్మని కూడా అలాగే తెచ్చారు, వాళ్ళ మేనమామకి నడుం పట్టేసింది, అది వేరే కథ.

అలా ఉండగా ఒకనాడు పెద్దవీధి నుంచి అచ్చాయమ్మ వచ్చింది. పెళ్ళి కుదిరిన పిల్ల. పనిమనిషితో కబురు పెట్టకుండా తనే వచ్చింది.

అచ్చాయమ్మ బొద్దుగా ఉంటుంది. బొద్దు అంటే బాగా బొద్దు. చిన్నప్పటి నుంచీ అంతే. ఊళ్ళో పిల్లలు గాదె అని పిలిచేవాళ్ళు. ఆ పిల్ల నవ్వేసేది. ఎవరైనా నవ్వేలోపు తనే ముందు నవ్వేసేది పాపం, అదొక అలవాటు చేసుకుంది.

అచ్చాయమ్మ అరుగు చివర నిలబడి, "నూకాలూ, ఒక మాట. మా పిన్ని కూతురు పెళ్ళిలో బుట్ట ఎత్తగానే కిర్రుమంది. ఆ పిల్ల పుల్లలా ఉంటుంది, అయినా పందిరంతా పగలబడి నవ్వారు. ఇంక నన్ను ఎత్తితే ఎలా ఉంటుందో చెప్పు," అంది.

నూకాలు చేతిలో బద్ద పక్కన పెట్టింది.

"నడిచొస్తానంటే అమ్మ ఏడుస్తోంది, మావయ్యలు అలుగుతున్నారు. మొగపెళ్ళివారి ముందు ఆ చప్పుడు నేను వినలేను. కిర్రుమనని బుట్ట అల్లిపెడతారా?" అంది. ఈసారి నవ్వలేదు ఆ పిల్ల.

అప్పుడు సత్తెమ్మ లోపల్నుంచి వచ్చి, "అల్లుతాం అమ్మాయిగారూ, మీరు ఇంటికెళ్ళండి," అంది.

ఆ తర్వాత సత్తెమ్మ ముదురు బొంగులు ఏరి తెచ్చింది. "బరువు సంగతి, ఇది నీ పూల పని కాదు, నాకొదిలెయ్," అని తనే కూచుంది. బొటనవేలంత లావు బద్దలు తీసింది. పై తొక్క అలాగే ఉంచింది, బలమంతా ఆ తొక్కలోనే కదా. బుట్ట అయింది. ఏనుగు ఎక్కినా చెక్కుచెదరదు.

అప్పుడు అందులో ఒక వడ్లబస్తా పెట్టి, దాని మీద నూకాలుని కూచోబెట్టారు. నూకాలు మొగుడు అప్పన్నా, వాడి తమ్ముడూ చెరో పక్క పట్టుకుని ఎత్తారు. కిర్ర్ర్ర్ మంది. కొత్త బండికి ఇరుసు పట్టేసినట్టు కిర్ర్ర్ర్. వీధిలో పడుకున్న కుక్క లేచి మొరిగింది.

"బుట్టన్నాక గొంతుండదా," అని సత్తెమ్మ లోపలికెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

అప్పుడు నూకాలు, "అత్తా, నేను అల్లనా?" అంది. సత్తెమ్మ తల ఊపింది.

నూకాలు ఎంత ఇష్టంగా కూచుందనుకున్నావు. లేత బొంగు తెచ్చింది, తొక్క తీసేసింది, లోపల మెత్తగా ఉండే భాగాన్ని, మెత్త అంటారు దాన్ని, సన్నగా దువ్వెన పళ్ళలా చీల్చింది. పసుపు పచ్చవి, ఎర్రవి. బుట్ట చుట్టూ మల్లెమొగ్గలు వేసింది, అంచుకి చిలకలు వేసింది. ఆ బుట్ట అరుగు మీద పెడితే దారినపోయేవాళ్ళు ఆగారు. ఇది నూకాలు చేతిదే అన్నారు. అన్నారు పండూ, ఆ మాట అన్నారు. నూకాలుకి కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత వడ్లబస్తా పెట్టారు. దాని మీద నూకాలు కూచుంది. ఎత్తారు. చప్పుడు లేదు. హమ్మయ్య అనుకునేలోపు అడుగు దిగిపోయింది. ఉయ్యాలలా కిందికి జారి, నూకాలు మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. అప్పన్న కంగారుపడి దింపేశాడు.

నూకాలు బుట్టలోంచి లేవలేదు. అందులోనే కూచుని ఏడ్చింది. సత్తెమ్మ ఎప్పటిలా ఒక మాట విసురుతుందనుకుంది. సత్తెమ్మ మాత్రం వచ్చి, ఆ మల్లెమొగ్గల మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. "చెయ్యి బంగారమే నీది. అడుగు సంగతే మర్చిపోయావు," అంది. "లే, ముహూర్తం దగ్గరికొచ్చేసింది."

ఇప్పుడేం చెయ్యాలి? పెళ్ళికూతుర్నే ఓసారి చూసొద్దామని నూకాలు చేటలు అమ్మే వంకతో అచ్చాయమ్మ వాళ్ళింటికెళ్ళింది.

వెళ్ళేసరికి అచ్చాయమ్మ పెరట్లో పీట మీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది. నూకాలు చేటలు దించి, వాళ్ళమ్మతో బేరం ఆడుతూ, ఆ పిల్లనే చూస్తోంది. చూస్తే ఏముంది? పీట మీద కూచుందే గానీ, ఆ పిల్ల బరువు పీట మీద లేదు. సగం కాళ్ళ మీదే మోస్తోంది. మడమలు పైకి లేచి ఉన్నాయి, పిక్కలు బిగిసి ఉన్నాయి.

ఇంతలో వాళ్ళమ్మ, "అచ్చీ, మెల్లిగా లేవే, పీట నీదే, ఇల్లూ నీదే," అని నవ్వింది. ప్రేమగానే అందిలే. ప్రేమగా అన్నా ఆ మాట ఎక్కడికి పోతుంది. అచ్చాయమ్మ కూడా నవ్వేసి, ఇంకొంచెం పైకి లేచి కూచుంది.

నూకాలు బేరం ఆపేసింది. ఈ పిల్ల పుట్టి ఇంత పెద్దయింది, ఒక్కసారీ సుఖంగా కూచోలేదే అనుకుంది. నేనేమో బుట్ట బయట చిలకలేశాను, అత్తేమో ఏనుగుకి సరిపడా అల్లింది. లోపల కూచునే మనిషిని ఇద్దరం తలుచుకోలేదు. అలా అనుకుంటూ చేటలకి డబ్బులు తీసుకోవడం కూడా మర్చిపోయి వచ్చేసింది.

ఇంటికొచ్చి, "అత్తా, నీ బుట్టలో నన్నింకోసారి ఊపు," అంది.

సత్తెమ్మ ఊపింది. నూకాలు చెవి బుట్టకి ఆనించి వింది. ఇక్కడ కిర్రు, అక్కడ కిర్రు. లావు బద్ద మీద లావు బద్ద ఎక్కే చోటల్లా, తొక్కా తొక్కా రాసుకుని అరుస్తున్నాయి. బద్దలు మూలగడం లేదు పండూ, పోట్లాడుకుంటున్నాయి.

"మధ్యలో ఎవరైనా ఉండి సర్దిచెప్పాలత్తా," అంది నూకాలు.

"సర్దిచెప్పడానికెవరున్నారే?"

నూకాలు పొయ్యి పక్కన పోగుపెట్టిన మెత్త చూపించింది. బొంగు లోపలి మెత్తని సత్తెమ్మ ఎప్పుడూ పొయ్యిలో వేసేది, బలం లేదని. నూకాలు దాన్ని పల్చగా, మెత్తగా, ఆకులా చీల్చింది. అప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు. సత్తెమ్మ లావు బద్ద వేస్తుంది. దాని మీద ఇంకో బద్ద ఎక్కే చోట నూకాలు మెత్త పొర దూరుస్తుంది. సత్తెమ్మ బిగిస్తుంది. ఆ తర్వాత ఇంకో బద్ద. ఇంకో పొర.

"కాస్త మెల్లిగా వెయ్యత్తా, నాకు అందట్లేదు."

"కాస్త తొందరగా దూర్చవే, నాకు నడుం పడిపోతోంది."

అలా తిట్టుకుంటూ, నవ్వుకుంటూ అల్లారు. నడుముకి ఆనే చోట కొంచెం వాలుగా అల్లారు, కాళ్ళు చాపుకునే చోట వెడల్పు వదిలారు. రంగులు లేవు, చిలకలు లేవు, వాటికి చోటూ లేదు, తీరికా లేదు. అయ్యాక ఆముదం రాసి ఎండలో పెట్టారు.

ఎండలో పెట్టాక సత్తెమ్మ లోపలికి తొంగిచూసి ఆగిపోయింది. ఆకుపచ్చ తొక్కలు, వాటి మధ్య తెల్లటి పొరలు, అడుగు నుంచి అంచు దాకా తిరుగుతూ, నీళ్ళలో రాయేస్తే వలయాలు లేచినట్టు ఉంది.

"ఇది ఎప్పుడేశావే?" అంది.

"నేనెయ్యలేదత్తా. అదే పడింది," అంది నూకాలు.

అత్తాకోడళ్ళు ఆ బుట్ట ముందు అలా కూచుండిపోయారు. పొయ్యి మీద అన్నం అడుగంటింది.

పెళ్ళిరోజు వచ్చింది. ఆ బుట్టలో వడ్లు పోశారు, వలయాలు మునిగిపోయాయి. పైన కొత్తబట్ట పరిచారు, అంచులు కూడా మునిగిపోయాయి. అచ్చాయమ్మ పట్టుచీరలో, చేతిలో కొబ్బరిబోండంతో వచ్చి బుట్టలో కూచుంది. పెదాలు బిగబట్టి కూచుంది. మొగపెళ్ళివారి పిల్లలు అప్పుడే నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

నూకాలు దూరం నుంచి చూసింది. మడమలు. ఆ పిల్ల మడమలు పైకే ఉన్నాయి.

అప్పుడు నూకాలు బట్ట సర్దుతున్నట్టు దగ్గరికెళ్ళి వంగి, "అమ్మాయిగారూ, పూర్తిగా కూచోండి. ఇదేమీ అనదు," అంది చిన్నగా.

అచ్చాయమ్మ నూకాలు మొహంలోకి చూసింది. చూసి చూసి, మడమలు దింపింది. తర్వాత మోకాళ్ళు వదిలింది. ఆ తర్వాత నడుం వెనక్కి ఆనించింది. ఒళ్ళంతా బుట్టకిచ్చేసి, ఊపిరి వదిలింది.

మేనమామలు ఎత్తారు.

పందిరంతా చెవులు రిక్కించింది. సన్నాయివాళ్ళు కూడా ఆపారు పాడుబుద్ధితో. ఏదీ లేదు. వడ్లు సరసరమని సర్దుకున్న చప్పుడు తప్ప ఏదీ లేదు. బుట్ట మేఘంలా వచ్చింది. పిల్లలు నోటి మీద చేతులు తీసేశారు. అచ్చాయమ్మ తలెత్తింది. అప్పుడు చూశారు అందరూ ఆ పిల్ల మొహం. "ఎంత కళగా ఉందమ్మా," అంది ఒకావిడ. "ఇన్నాళ్ళూ చూడలేదేంటి మనం," అంది ఇంకొకావిడ. పెళ్ళికొడుకైతే అడ్డుతెర పక్కనుంచి మెడ చాచి చూశాడు, పంతులుగారు కసిరారు.

బుట్టని మాత్రం ఎవ్వరూ చూడలేదు. పని అవగానే అవతల పెట్టేశారు. నూకాలు పందిరి రాట పక్కన నిలబడి ఎదురుచూసింది, ఒక్కళ్ళైనా అంటారేమోనని. అనలేదు.

ఇంటికెళ్తూ, "అత్తా, ఎవరూ ఏమీ అనలేదు," అంది.

"నా బుట్టల్ని మాత్రం ఎవరన్నారే ఇన్నేళ్ళలో," అంది సత్తెమ్మ. కొంతదూరం నడిచి, "నాకు బాధలేదనుకునేదాన్ని. ఇవాళ దాని లోపల వడ్లు పోస్తుంటే నాకూ మనసొప్పలేదు," అంది. అని కోడలి చెయ్యి పట్టుకుంది. గట్టు దాటేదాకా వదల్లేదు.

మర్నాడు అచ్చాయమ్మ అత్తారింటికి బయల్దేరింది. బండి నిండా సారె. ఆ బండి మేదరి వీధి మీదుగా పోనివ్వమంది. ఎందుకో ఎవరికీ తెలీలేదు. సత్తెమ్మా నూకాలూ అరుగు మీదకొచ్చి చూశారు. బండిలో బిందెలూ బిస్కెట్ డబ్బాలూ అన్నీ ఒక పక్కకి నెట్టేసి, మధ్యలో ఆ బుట్ట పెట్టించుకుంది. అందులో కాళ్ళు బారచాపుకుని, వెనక్కి వాలి, మహారాణిలా ఉంది. వడ్లు లేవు, బట్ట లేదు, చేత్తో లోపలి వలయాల్ని నిమురుతోంది.

బండి వాళ్ళ ముందుకొచ్చేసరికి తల బయటపెట్టి, "నూకాలూ, నిన్నటి నుంచీ కూచునే ఉన్నానే," అంది.

అని నవ్వింది పండూ. ఈసారి ఎవరికంటే ముందుగానో కాదు, తనకి నవ్వొచ్చి నవ్వింది.

కళ్ళు మూసుకున్నావా? కథేమో కంచికి, నువ్వేమో మంచానికి, నేనేమో... ఆఁ, ఆఁ, వినపడిందండీ, వస్తున్నా. పొయ్యి కట్టెయ్యండి ముందు. పండూ, తాతయ్య పిలుస్తున్నారురా, పాలు పొంగిపోతున్నా...