ఐదో ఫారం

దస్తగిరి మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెట్టేవాడు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు. ఆయనకు రెండూ ఒకటే. మార్కాపురంలో పలకల కార్ఖానాల వెనక సందులో ఆయన బైండింగు షాపు ఉండేది. నలభై ఏళ్ళు ఊళ్ళో చిరిగిన పుస్తకాలన్నీ ఆయన సూది కిందికే వచ్చాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఒంగోలులోనూ గుంటూరులోనూ స్థిరపడ్డారు. మేస్త్రీ అనే పిలిచినా వాళ్ళందరికీ ఆయన గురువే.

ఆ శిష్యుల్లో చివరివాడు చెంచయ్య. ముప్పై దాటిన మనిషి, పెళ్ళయినవాడు. ఏడేళ్ళుగా షాపులో ఉన్నాడు. చేతిపని శుభ్రంగా ఉండేది. జీవితంలో పైకి రావాలన్న కోరిక మాత్రం పనికంటే రెండింతలు ఉండేది. ఒకసారి కాలేజీ ఆవరణలో ఉపన్యాసం ఇచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఎదగదలచినవాడు తప్పక చదవవలసినవని ఇరవై ఒక్క పుస్తకాల జాబితా అచ్చువేసి పంచిపెట్టాడు. చెంచయ్య దాన్ని అట్టకు అంటించి తాను కూర్చునే చోటికి ఎదురుగా తగిలించుకున్నాడు. పదకొండు పేర్ల పక్కన టిక్కులు పడ్డాయి. ఎర్రసిరా కలం పట్టుకుని, బాగున్న వాక్యం కనిపించగానే కింద గీత గీసి, దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడం అతని పద్ధతి. వాటిలో ఒక వాక్యమంటే అతనికి ప్రాణం. ఎవరు పనిలో హడావిడి పడినా అది చెప్పేవాడు. “తొందరపడి లాగితే తల్లీ దక్కదు, దూడా దక్కదు.” పక్కన అట్టలు కోసే నాగూరు ఒకనాడు ఉండబట్టలేక, “నీకు గొడ్డూ లేదు గోదా లేదు, ఎవరి దూడ కోసం అన్నా ఈ దిగులు?” అన్నాడు. అది ఉపమానమనీ, దాని లోతు చదివినవాళ్ళకే తెలుస్తుందనీ చెంచయ్య అతనికి నచ్చజెప్పాడు.

ఆ యేడు విజయవాడలో ఒక పెద్ద ప్రెస్సులో బైండింగు విభాగానికి పెద్ద మేస్త్రీ కావలసి వచ్చింది. చెంచయ్య పేరు ఎవరో చెప్పారు. దస్తగిరి చేతి ఉత్తరం తీసుకుని సోమవారం పొద్దున పది గంటలకు రమ్మని యజమాని కబురు పెట్టాడు. ఆ పూట రాకపోతే ఇంకొక మనిషి సిద్ధంగా ఉన్నాడని కూడా చెప్పించాడు. ఇరవై మంది మీద పెత్తనం, ఉండటానికి క్వార్టరు. చెంచయ్య భార్య అప్పుడే గిన్నెలు గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున చెంచయ్య గురువు దగ్గరికి వచ్చి ఉత్తరం రాసిమ్మని అడిగాడు. తరవాత, ఎంతో కాలంగా మనసులో ఉన్నది కూడా అడిగాడు.

“జాబితాలో ఇంకా పది మిగిలినై మేస్త్రీ. పైకి రావాలంటే ఇప్పుడు ఏది చదవాల?”

దస్తగిరి తల ఎత్తలేదు. ఉత్తరం రాస్తాననీ, లైబ్రరీ నుంచి వచ్చిన కట్ట విప్పి పైనున్న రెండూ ముందు చేయమనీ చెప్పాడు.

పైనున్న వాటిలో మొదటిది చూసి చెంచయ్య సంతోషించాడు. అది జాబితాలో మూడోది. లైబ్రరీలో అన్నిటికంటే ఎక్కువ చేతులు మారిన పుస్తకం. తేదీలు వేసే చీటీలు ఒకదాని మీద ఒకటి అంటించి మందంగా తయారయ్యాయి. నాగూరు లెక్కపెట్టి, ఆరేళ్ళలో నూట ముప్పై మంది తీసుకెళ్ళారన్నాడు. వాళ్ళలో చెంచయ్య ఒకడు. రెండోది పాడి పశువుల పోషణ మీద పుస్తకం. అది చదివి చదివి చిరిగింది కాదు, వాననీళ్ళు కారి అట్ట ఉబ్బింది.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉంది. పుస్తకం కుట్టినవాడు, వెన్ను మీద గుడ్డ అంటించేముందు, అక్కడ పెన్సిలుతో తన గుర్తూ సంవత్సరమూ రాయాలి. గుడ్డ పడ్డాక అది ఎవరికీ కనిపించదు. మళ్ళీ ఎప్పుడో ఎవడో ఆ పుస్తకాన్ని విప్పినప్పుడే బయటపడుతుంది. ఎందుకని అడిగినవాళ్ళకు దస్తగిరి విప్పే పనే ఇచ్చేవాడు. చెంచయ్య రెండు పుస్తకాల వెన్నులూ తడిపి పాత గుడ్డ ఒలిచాడు. రెండింటి మీదా ‘చెం’ అనే ఉంది, సంవత్సరమూ ఒకటే. షాపులో చేరిన తొలి ఏడు తాను కుట్టినవి. చూసి ముచ్చటపడ్డాడు.

అచ్చు పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా ఉంటుంది. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున దాని అంకె ఉంటుంది. విప్పిన ఫారాలను అంకెల వరసలో పేర్చి మళ్ళీ కుట్టాలి. చెంచయ్య జాబితా పుస్తకం ఫారాలు పేరుస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అంకెలు సరిగానే ఉన్నాయి. కానీ ఐదో ఫారం కాగితం రంగు ఒక వీసం తేడాగా కనిపించింది. ఏడేళ్ళు పని చేసిన కన్ను కాబట్టి పట్టుకుంది. అప్పుడు ఆగి చదివాడు. అరవైనాలుగో పేజీ చివర “గొప్పవారందరూ తెల్లవారుజామునే లేచి” అని ఉంది. అరవైఐదో పేజీ “చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, దూడను మెల్లగా లోపలికి నెట్టి” అని మొదలైంది.

మళ్ళీ చదివాడు. తరవాత పేజీ తిప్పాడు, ఆ తరవాతిదీ తిప్పాడు. పదహారు పేజీలూ గేదె ఈనడం గురించే ఉన్నాయి. ఆరేళ్ళ కిందట రెండు పుస్తకాలనూ ఒకేసారి విప్పి ఆరబెట్టినప్పుడు, రెండూ ఒకే కొలత కావడంతో, అడుగున అంకె చూశాడే తప్ప పైన ఏముందో చూడలేదు. దీని ఐదో ఫారం దానిలోకి, దాని ఐదో ఫారం దీనిలోకి పోయాయి. పేజీ నంబర్లు కూడా సరిపోయాయి. డెబ్భైమూడో పేజీలో ఎర్రసిరా గీత ఒకటి ఉంది. దాని మీది వాక్యం, “తొందరపడి లాగితే తల్లీ దక్కదు, దూడా దక్కదు.” గీత తనదే. దాని పక్కనే ఇంకెవరో నీలంసిరాతో ‘అద్భుతం’ అని రాశారు.

నాగూరు కడుపు పట్టుకుని నవ్వాడు. “ఇన్నాళ్ళకు నీ దూడ దొరికిందన్నా,” అన్నాడు. చెంచయ్యకూ నవ్వొచ్చింది. నూట ముప్పై మంది చదివారు, గొప్పవారి నడుమకు గేదె ఎలా వచ్చిందని ఒక్కరూ అడగలేదు అంటూ, ఆ తమాషా చూపించడానికి పుస్తకం గురువు దగ్గరికి తీసుకెళ్ళాడు.

దస్తగిరి నవ్వలేదు. రెండో పుస్తకం తెమ్మన్నాడు. అందులో అరవైనాలుగో పేజీ చివర, “దూడ అడ్డం తిరిగినప్పుడు కంగారుపడి లాగరాదు. అలాంటప్పుడు మొదట” అని ఉంది. ఎదుటి పేజీలో “తమ లక్ష్యాన్ని ఒక కాగితం మీద రాసుకుని రోజూ చదువుకుంటారు” అని ఉంది. ఆ పేజీ అంచున పెన్సిలుతో, కొత్తగా రాయడం నేర్చిన చేతి వంకర అక్షరాలు ఉన్నాయి. గట్టిగా నొక్కి రాయడం వల్ల కాగితం వెనక్కి ఉబ్బింది. దస్తగిరి వాటి మీద వేలు పెట్టి చూపించాడు.

‘ఇక్కడి నుంచి నాకు అర్థం కాలేదు.’

చెంచయ్య తిరిగి వెళ్ళి తన చోట కూర్చున్నాడు. ఫారాలు మార్చి ఎక్కడివక్కడ కుట్టాడు. పశువుల పుస్తకానికి మూడే తేదీలు ఉన్నాయి, మూడింటి పక్కనా ఒకటే సభ్యత్వ నంబరు. శనివారం లైబ్రరీలో రిజిస్టరు చూపించమని అడిగితే పేరు దొరికింది. పాలంకమ్మ, రాళ్ళవాగుపల్లె. ఆ సాయంత్రం దస్తగిరి ఉత్తరం మడిచి అతని చేతిలో పెట్టి, విజయవాడ బస్సు ఆదివారం నాలుగింటికని గుర్తు చేశాడు. పాలంకమ్మ గురించి ఏమీ అనలేదు. ఈ తప్పు సంగతి ఆయనకు కట్ట విప్పకముందే తెలుసునా అన్నది నాకు తెలియదు. అడిగితే చెప్పే మనిషి కాదు.

రాళ్ళవాగుపల్లెకు పొద్దున ఒక బస్సు వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి అక్కడి నుంచి తిరిగి బయలుదేరుతుంది. దాంట్లో వచ్చేస్తే నాలుగింటి బస్సు అందుతుందని చెంచయ్య లెక్క. లైబ్రేరియన్ను అడిగి పుస్తకం తీసుకుని, జేబులో ఉత్తరంతోనే ఆదివారం పొద్దున బయలుదేరాడు.

పాలంకమ్మకు యాభై ఐదేళ్ళుంటాయి. వసారాలో చేటలో కందులు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఎవరు నువ్వని అడిగింది. చెంచయ్య పుస్తకం చూపించి, లోపల కాగితాలు తారుమారైన సంగతి చెప్పాడు. ఆమెకు మొదట బోధపడలేదు. రెండోసారి చెప్పాక చేట పక్కన పెట్టింది.

“నాకే చదువు రాలేదనుకుంటి నాయనా,” అంది.

ఆమె నిదానంగా చెప్పుకొచ్చింది. రాత్రి బడిలో నేర్చుకున్న చదువు. గేదె చూలుతో ఉందని, ఈతకు పనికొస్తుందని పుస్తకం తెచ్చుకుంది. వేలు పెట్టుకుని చదివితే అంతా అర్థమవుతూనే ఉంది. అరవైనాలుగో పేజీ దాటగానే ఒక్క మాట తలకెక్కలేదు. ఇంకోసారి తెచ్చుకుంది, మూడోసారీ తెచ్చుకుంది. అడుగుదామంటే బడి పంతులమ్మకు బదిలీ అయిపోయింది. దూడ అడ్డం తిరిగింది. డాక్టరు వచ్చేసరికి తల్లీ దూడా రెండూ పోయాయి. పుస్తకం చూసి పురుడు పోసే దొరసాని అని ఊళ్ళోవాళ్ళు కొన్నాళ్ళు నవ్వారు. ఆ తరవాత ఆమె అక్షరం ముట్టలేదు. పలక వంటింట్లో చట్టి మీద మూత అయింది. సంతకం చేసే చేత్తోనే మళ్ళీ వేలుముద్ర వేస్తోంది.

తప్పు ఆమెది కాదనీ, కుట్టింది తానేననీ చెంచయ్య చెప్పాడు. ఆమె తిట్టలేదు. చీర చెంగుతో చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి అద్దాలు తెచ్చుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. అరవైనాలుగో పేజీ వెతకక్కరలేకుండా తీసింది. ఆమె మొదటి వాక్యం దగ్గరే తడుముకోవడం చూసి, అందులో ఏముందో తాను చెప్పబోయాడు.

“నువ్వు చెప్పబాక,” అంది పాలంకమ్మ. “నన్ను చదవనీ.”

చదివింది. వేలు ఒక్కొక్క అక్షరం కింద ఆగి ఆగి జరిగింది. ఒక వాక్యం పూర్తయ్యాక మళ్ళీ మొదటికి వచ్చి కలిపి చదివేది. సరిగా రాలేదనిపిస్తే ఇంకోసారి చదివేది. రెండింటికి ఊరి చివర బస్సు హారను మోగింది. చెంచయ్య లేచి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు. అప్పటికి డెబ్భైయో పేజీలో ఉంది, పెదవులు కదులుతున్నాయి. పుస్తకం అక్కడ వదిలేసి వెళ్ళినా ఆమె ఏమీ అనుకునేది కాదు. హారను రెండోసారి మోగింది. చెంచయ్య జేబు మీద చెయ్యి వేసుకుని, కాసేపు నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

పొద్దు వాలే వేళకు పదహారు పేజీలూ అయ్యాయి. పాలంకమ్మ అద్దాలు తీసి పుస్తకం మూసింది. చాలాసేపు వాకిట్లో ఖాళీగా ఉన్న కట్టుగొయ్య వైపు చూసింది.

“అర్థమైంది నాయనా. లాగొద్దన్నది చదివితి. లాగకుండా చూస్తా కూర్చుంటి. లోపలికి నెట్టాలని తెలియలా.”

చెంచయ్య రోడ్డు దాకా నడిచి, దొరికిన బండి ఎక్కి, విజయవాడ చేరేసరికి సోమవారం మధ్యాహ్నం మూడయింది. అప్పటికే రెండో మనిషి పనిలో కూర్చున్నాడు. యజమాని ఉత్తరం చదివి, చేతికి తిరిగి ఇచ్చేశాడు.

మంగళవారం చెంచయ్య షాపుకు వచ్చి తన చోట కూర్చున్నాడు. ఇంట్లో భార్య మాట్లాడటం లేదు, గోనెసంచి విప్పలేదు. నాగూరు కూడా ఆ పూట పరాచికాలాడలేదు. జరిగిందంతా చెంచయ్య గురువుకు చెప్పాడు. విజయవాడ సంగతి రెండు ముక్కల్లో తేల్చి, పాలంకమ్మ సంగతే ఎక్కువ చెప్పాడు. అన్నీ చెప్పినా ఒకటి మాత్రం అతనికి కొరుకుడు పడలేదు.

“ఆమె బాగానే చదువుతది మేస్త్రీ. పదహారు పేజీలు నా కళ్ళ ముందరే చదివింది. మరి చదువు రాలేదని ఎట్టా అనుకుంది?”

దస్తగిరి సూదిలో దారం ఎక్కించి, మైనం పట్టించి, కొస ముడి వేశాడు.

“అర్థం కాలేదని తెలిసేంత చదువు వచ్చింది ఆమెకు,” అన్నాడు.