పేరు, వేరు

ఒక ఊళ్లో ఒక అమ్మాయికి అక్షరాలు నిలిచేవి కావు. 'ప' మీద చూపు పెడితే 'వ' అయ్యేది, 'వ' మీద పెడితే 'ప' అయ్యేది. పుస్తకం అట్ట మీద "పేరు" అని రాయాల్సిన చోట ఏళ్ల తరబడి "వేరు" అనే రాసింది. బడి మొత్తానికి అదే ఆమె పేరైపోయింది. పంతులు కూడా హాజరు పిలిచేటప్పుడు నవ్వుతూ "వేరూ" అనేవాడు. తక్కిన పిల్లలకు అంతకంటే ఏం కావాలి?

ఆ బడి చదువు చివర ఒక పరీక్ష ఉండేది. గట్టెక్కినవాళ్లు పై బడికి పోయేవారు, మిగిలినవాళ్లు రొయ్యల షెడ్డుకు. ఆమె తల్లి ఆ షెడ్డులోనే రొయ్యల తలలు తీసేది. ఐసునీళ్లలో నాని వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉండేవి. "నీ చేతులు ఇట్టా కాకూడదే తల్లీ" అనేది, అన్నం కలిపి పెడుతూ. అమ్మాయి తలూపేది. కానీ అక్షరాలు ఆమె మాట వింటేనా?

ఆ రోజుల్లో ఊళ్లోకి ఒక కిటికీ వచ్చింది. దాన్ని కొనక్కర్లేదు, మోయక్కర్లేదు. ఏ గోడ దగ్గర పిలిస్తే ఆ గోడలో తెరుచుకునేది. కాగితం చూపిస్తే అక్షరాలను పెద్దవి చేసేది, ఇరుకు వరసలను ఎడంగా జరిపేది, పైకి చదివి వినిపించేది. ఉన్నది ఉన్నట్టే చదివేది. నవ్వేది కాదు, విసుక్కునేది కాదు.

అమ్మాయి ముందుగా తన పుస్తకం అట్ట చూపింది. "వేరు" అంది కిటికీ. ఇన్నేళ్లూ కంటికి దొరకని తప్పు చెవికి దొరికింది. కొట్టేసి మళ్లీ రాసింది. "పేరు" అంది కిటికీ. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఏడాది తిరిగేసరికి పాఠాలన్నీ ఆమెకు కొట్టినపిండి. పంతులు మాత్రం నమ్మలేదు, ఎక్కడో చూసి అప్పజెబుతోందన్నాడు. పరీక్ష రోజున అధికారి వచ్చి, కళ్లజోడు సవరించుకుని నిబంధన చదివాడు. గదిలో కిటికీ తెరవకూడదు. ఎవరి కాగితం వాళ్లు తమ కళ్లతోనే చదువుకోవాలి.

అమ్మాయి లేచి నిలబడింది. బడిలో ఆమె ఎదురు ప్రశ్న వేయడం అదే మొదలు.

"మరి మీ కళ్లజోడో అండీ?"

"అది వేరు," అన్నాడు అధికారి.

గదంతా గొల్లుమంది. ఎందుకు నవ్వారో ఆయనకు తెలియదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదించేదెవరు? ఆమె కూర్చుంది. మూడు గంటలపాటు కాగితం మీద అక్షరాలు చీమల్లా కదులుతూనే ఉన్నాయి. జవాబులన్నీ ఆమెకు వచ్చు. ప్రశ్నలే అందలేదు.

నెల తర్వాత ఫలితాలు గోడకు అంటించారు. అధికారి ఆ పూట కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి, కళ్లు చికిలించుకుంటూ జాబితా తన చేత్తోనే రాశాడు. అందరూ చూసుకుని వెళ్లిపోయాక అమ్మాయి గోడ దగ్గరికి వచ్చి కిటికీని పిలిచింది.

"గట్టెక్కినవారి వేర్లు," అని మొదలుపెట్టింది కిటికీ. తర్వాత నలభై మందిని వరసగా చదివింది. ఆమె పేరు రాలేదు. మళ్లీ చదవమంది. మళ్లీ చదివింది. రాలేదు.

రెండోసారికి ఆ మొదటి మాట ఆమె చెవిన పడింది. ఊరంతా కళ్లారా చదువుకున్న కాగితమే అది. ఆ తప్పు ఒక్కరికీ కనబడలేదు. ఆమె కలం తీసి 'వే' కొట్టేసి, పైన 'పే' రాసింది. సరిగ్గా ఉందా అని కిటికీని అడిగింది.

"గట్టెక్కినవారి పేర్లు," అంది కిటికీ.

అమ్మాయి కలాన్ని గోడ వారగా పెట్టి షెడ్డు దారి పట్టింది. ఆపమని ఎవరూ చెప్పలేదు గనక, కిటికీ ఆ నలభై పేర్లనూ మళ్లీ మొదటి నుంచి చదువుతూనే ఉంది.