నూకరత్నం మునుము

ఆశ్రమంలో బోధానంద స్వామిగారిని ప్రశ్న అడిగినవాళ్లకు వెంటనే జవాబు దొరికేది కాదు. చేతిలో ఉన్న పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు నోరు విప్పేవారు. విప్పినా శాస్త్రం చెప్పేవారు కాదు. మేం ఆత్మ గురించి అడిగితే ఆయన గేదె గురించి చెప్పేవారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తీరా ఇంటికి వెళ్లాక గేదె గుర్తుండేది, ఆత్మ గురించి చదివిందంతా మరిచిపోయేవాణ్ని.

ఆ సాయంత్రం అడిగింది సుభద్ర. పక్క టౌనులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఏడో నెల. కాన్పుకు సెలవు ఎన్నాళ్లైనా తీసుకోమన్నారట, జీతం మాత్రం ఉండదన్నారట. భర్త బట్టల కొట్టులో గుమస్తా. ఆ సంపాదన ఇంటద్దెకూ బియ్యానికీ సరి. సంగతి తెలిసి తోటి టీచర్లంతా కలిసి కరస్పాండెంటు దగ్గరికి వెళ్లారు. సుభద్ర క్లాసులు తమ ఖాళీ పీరియడ్లలో తామే చెబుతామనీ, పాఠం ఆగదు గనక జీతం ఆపొద్దనీ వాదించి ఒప్పించారు. ఒప్పుకోనిది సుభద్ర ఒక్కతే. జాలితో పెట్టే తిండి తనకొద్దంది. పురుడు వెళ్లీవెళ్లగానే పసిబిడ్డను అత్తగారి ఒళ్లో పెట్టి బడికి వచ్చేస్తానని మర్నాడే చెప్పేయడానికి సిద్ధపడింది.

"స్వామీ, ఒకరి కష్టం మనం తింటే, ఇక వాళ్ల ముందు తలెత్తుకోగలమా?" అని అడిగింది.

స్వామి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. గిన్నెలో ఉన్నవన్నీ అయ్యేదాకా తల ఎత్తలేదు. తరవాత చేతులు కడుక్కుని ఆయన చెప్పింది ఇదీ.

ఈ ఆశ్రమం కట్టుకోకముందు ఆయన కాలవ అవతల ఒక రైతు చావిట్లో ఉండేవారు. ఆ ఊళ్లో ఊడ్పులకు ఆడవాళ్ల ముఠా ఒకటి ఉండేది. మడి మొత్తం నాటడానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకునేవారు. అందరూ వరుసగా వంగి, ఎవరి ముందున్న పట్టీలో వాళ్లు నారు నాటుకుంటూ వెనక్కి నడిచేవారు. ఆ పట్టీనే మునుము అంటారు. ముఠాకు పెద్ద సూరాయమ్మ. వాళ్లలో ఎవరైనా పురుట్లో ఉంటే, ఆమె మునుము మిగతావాళ్లు తలాకాస్త పంచుకుని వేసేవారు. డబ్బు పంచుకునేటప్పుడు ఆమె వంతు ఆమె ఇంటికి వెళ్లేది. దానికి బాలింత వంతు అని పేరు.

ఆ ఏడు నూకరత్నం బాలింత. తొలి కాన్పు. ఆ వంతు వస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఊరికి కొత్తగా వచ్చిన కౌలు రైతు వీర్రాజు గట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టాడు. ఒక తల తక్కువైంది గనక ఒక వంతు కోసేస్తానన్నాడు. మనుషులు తగ్గినా మడి తగ్గలేదు కదా అని సూరాయమ్మ నచ్చజెప్పబోయింది. బురదలో కాలు పెట్టినవాళ్లకే డబ్బని అతను తేల్చేశాడు.

ఈ కబురు విని నూకరత్నం గుడ్డలో చుట్టిన బిడ్డతో పరుగున వచ్చింది. బిడ్డను ఎవరి చేతుల్లోనో పెట్టి, చీర ఎగ్గట్టి మడిలోకి దిగబోయింది. సూరాయమ్మ అడ్డం నిలబడి, దిగితే కాళ్లు విరగ్గొడతానంది. ఉత్తినే కూచుని మీ కష్టం ఎలా తినను పెద్దమ్మా అని నూకరత్నం ఏడ్చింది.

"ఉత్తినే ఎవరు తింటన్నారే? నా పెద్దోడు పుట్టినప్పుడు నా మునుము మీ అమ్మ ఏసింది. నేనేమైనా అరిగిపోయానా? రేపు ఈ పిల్లల పురుళ్లకి నువ్వేద్దువుగానీ. గట్టు మీద కూచుని పాలియ్యి."

అని సూరాయమ్మ వీర్రాజు వైపు తిరిగి, అలాగేనండి బాబూ, మీ లెక్కే మా లెక్క అంది. గెలిచాననుకుని అతను టీ తాగడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి మడంతా పచ్చగా ఉంది. నట్టనడుమ మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక మునుము వెడల్పున బోడి నీళ్లు. ఇదేంటని సూరాయమ్మ మీద కేకలేశాడు.

"అది నూకరత్నం మునుమండి. మనిషి లేదని వంతు కోశారు కదండీ. మనిషి లేదు కాబట్టి మునుమూ లేదండి."

కాలవ గట్టున పోయేవాళ్లు ఆగి, బాటేమైనా వేయిస్తున్నావా అని పరాచికాలాడారు. మిగిలిన నారు ఎండకు వాడిపోతోంది. ఊడ్పుల రోజుల్లో మరో ముఠా దొరకదు. వీర్రాజు రోషంగా పంచె ఎగ్గట్టి తనే దిగాడు. నాలుగు కుదుళ్లు నాటేసరికి నడుం పట్టేసింది, నాటినవన్నీ తేలాయి. గట్టెక్కి, సరే, గుత్త మొత్తం ఇస్తాను, వెయ్యండన్నాడు. మునుము మాది కాదు, ఎవరిదో వాళ్లనే అడగమంది సూరాయమ్మ.

బురద కాళ్లతో అతను నూకరత్నం దగ్గరికి నడిచాడు. బిడ్డ పాలు తాగుతోంది. "నీ మునుము వేయించమ్మా" అన్నాడు. నూకరత్నం తలెత్తి అతన్ని చూసింది, మడిలో ఉన్నవాళ్లను చూసింది. "వెయ్యండి పెద్దమ్మా" అంది. అంతే, ఆ ఒక్క మునుములోకి ముఠా అంతా దిగింది. నవ్వులూ పాటలూ కాలవ అవతలికి వినిపించాయి. ఆ ఏటి నుంచి ఆ కాలవ కింద ఏ రైతూ తలలు లెక్కపెట్టలేదు. వింటున్న నాకే ఛాతీ పొంగింది.

మర్నాడు బడిలో సుభద్ర తోటి టీచర్లకు సరేనందని మా అందరికీ తెలుసు. తరవాత మరో టీచరు కాన్పుకు వెళ్తే, ఆమె క్లాసులకు అందరికంటే ముందు చెయ్యెత్తింది సుభద్రేననీ తెలుసు. ఆ సాయంత్రం మాత్రం, ఆ మునుము సరిగ్గా ఎక్కడుండేదండీ అని అడిగింది.

స్వామి చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచారు.

"నడుమే ఉండాలమ్మా. కోతలప్పుడు వెళ్లి నేనూ వెతికాను. నాకు కనబడలేదు."