పండుగప్పల గుంట

జమీందారుల కాలం నాటి మాట. ఉప్పుటేట్లో ఎక్కడ ఏ చేప ఉంటుందో పడవ నడిపే మసేనుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చలికాలంలో పండుగప్ప చేపలన్నీ వెచ్చదనం కోసం ఏటి అడుగున ఒకే లోతైన గుంటలో చేరేవి. జమీందారుకి గాలం సరదా. ఏటా మసేనే ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళేవాడు.

నిరుడు ఆయన గాలం వేసి కూర్చునే ఓపిక చాలక గుంటలోని చేపలన్నిటినీ వలలతో పట్టించేశాడు.

ఈ ఏడు పొద్దుటినుంచి గాలం వేసి కూర్చున్నా ఒక్క చేపా పడలేదు.

"ఎక్కడ దాచావురా చేపల్ని? అవి ఉన్నచోటికి పద. లేదంటే నీ పడవ లాక్కుంటాను!" అన్నాడు జమీందారు.

మసేను పడవ వెనక్కి తిప్పాడు. ఆయన్ని దివాణం వెనక కొబ్బరితోటలోకి తీసుకెళ్ళి, ఒక చెట్టు మొదట్లో పారతో తవ్వాడు. చేపముళ్ళు బయటపడ్డాయి.

"ఇక్కడున్నాయి బాబూ. తినగా మిగిలి కుళ్ళినవన్నీ ఎరువుకని మీరే పాతించారు కదా."

జమీందారు ఆ ముళ్ళకేసి చూశాడు. పడవ మాట మళ్ళీ ఎత్తలేదు.

"వలలు వేయించిన రోజే వద్దని చెప్పలేకపోయావా?" అన్నాడు.

"చెబితే పడవ లాక్కుంటారని భయపడ్డాను బాబూ," అన్నాడు మసేను. "పడవైతే మిగిలింది. దాన్ని ఎక్కడికి నడపాలో తెలియడం లేదు."