చిట్టేరు బడి కొండల కూటమిలో చేరిన కథ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులకు బడులుండేవి. ప్రతి బడికీ ఒక బంతాట జట్టు ఉండేది. నవ్వకండి మరి, నవ్వితే చెప్పను. దగ్గరికి జరిగి కూర్చోండి.

ఆ అడవిలో ఏటిగట్టు పొడవునా ఎనిమిది బడులు. అన్నిటికన్నా పెద్దది పెద్దమడుగు బడి. అక్కడ ఏనుగులు, అడవిదున్నలు చదివేవి. అన్నిటికన్నా చిన్నది చిట్టేరు బడి. ఆ ఎనిమిది బడులూ కలిసి ఒక కూటమి. వానలు వెలిశాక ఒక బడి ఇంకో బడితో ఆడేది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక పండు తెచ్చి గంపలో వేసేవాళ్ళు. ఆ పండ్లు రెండు బడులూ చెరిసగం పంచుకునేవి.

పెద్దమడుగులో ఆట అంటే అడవంతా కదిలి వచ్చేది. ఆ ఒక్క రోజు చిట్టేరు బడి వాటాకు వచ్చిన పండ్లే ఏడాదంతా సరిపోయేవి. బడి కప్పు నేయించడం వాటితోనే. కుందేళ్ళ పరుగుపందెం, ఉడతల చెట్టెక్కే పందెం జరిపించడం కూడా వాటితోనే.

చిట్టేరు బడిలో ఆటలు నేర్పేది కోటయ్య మాస్టారు. ఆయన ఏదుపంది. ఏం చేయాలో పాలుపోకపోతే ఒంటి మీది ముళ్ళు గలగలలాడించేవారు. ఆ చప్పుడు వినగానే పిల్లలు "మాస్టారు ఆలోచనలో పడ్డారు" అనుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు.

ఆయన జట్టులో చెంగన్న అనే దుప్పి ఉండేది. అది బంతి తీసుకుని పరిగెత్తితే ఏనుగులు కూడా నోరు తెరుచుకుని చూసేవి. పట్టాభి అనే ఉడుము గోలు దగ్గర నిలబడేది. బంతిని ఒకసారి పట్టిందంటే ఇక వదిలేది కాదు.

ఒక ఏడు పెద్దమడుగు బడిలో బసవరాజు అనే అడవిదున్నకు ఆటలో కాలు విరిగింది. అది కుంటుకుంటూ అడవి సభకు వచ్చింది.

"పెద్దలారా, నా ఆట చూడ్డానికి వందల మంది వస్తారు. గంపలు గంపలు పండ్లు వస్తాయి. అవన్నీ బడి తీసుకుంటుంది. కాలు మాత్రం నాది విరిగింది. నాకేం మిగిలింది?" అంది.

అది అడిగినదాంట్లో తప్పేముంది? చివరికి పెద్దలు తీర్పు చెప్పారు. "ఇక మీదట ఆడినవాళ్ళకు బడి తన పండ్లలో వాటా ఇవ్వవచ్చు."

అందరూ చప్పట్లు కొట్టారు. కోటయ్య మాస్టారు అందరికన్నా గట్టిగా కొట్టారు.

వారం తిరక్కుండానే పెద్దమడుగు నుంచి ఒక గోరింక ఎగిరి వచ్చింది. చెంగన్న ఇంటి ముందు వాలింది. "మా బడికి వచ్చి ఆడతావా బాబూ? రోజూ లేత గడ్డి. వారానికో గంప ఇప్పపూలు. మీ అమ్మకు మడుగు పక్కనే చల్లటి చోటు," అంది.

చెంగన్న వాళ్ళమ్మకు కాళ్ళు పట్టేసి చాలా రోజులైంది. గడ్డి కోసం గుట్ట ఎక్కలేకపోతోంది. చెంగన్న ఆ రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే మాస్టారి దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడింది.

"వాళ్ళు నిన్నెందుకు రమ్మంటున్నారో తెలుసా?" అని అడిగారు మాస్టారు.

"నేను బాగా ఆడతానని."

"ఆ ఆట ఎవరు నేర్పారు?"

"మీరే మాస్టారూ," అంది చెంగన్న. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ మాట ఎందుకు అడిగానా అని మాస్టారికి సిగ్గేసింది. "వెళ్ళు నాయనా. మీ అమ్మను జాగ్రత్తగా తీసుకెళ్ళు. ఏరు దాటేటప్పుడు రాళ్ళు జారతాయి," అన్నారు.

చెంగన్న వెళ్ళిపోయింది. మాస్టారు సాయంత్రం దాకా ముళ్ళు గలగలలాడిస్తూనే ఉన్నారు. చెంగన్న చేసింది తప్పా? కాదు. పెద్దమడుగు బడి చేసింది తప్పా? అదీ కాదేమో. మరి తన గుండెలో ఈ బరువేమిటి?

ఆ దెబ్బ నుంచి తేరుకోక ముందే ఇంకోటి తగిలింది. అడవికి అవతల ఇంకా పెద్ద పెద్ద బడులున్నాయి. వాటి ఆటలకు ఇంకా ఎక్కువ మంది వస్తారు. పెద్దమడుగు బడి, దానితో పాటు మరో మూడు పెద్ద బడులు ఏటిగట్టు కూటమి వదిలి ఆ బడులతో కలిసిపోయాయి. పెద్దమడుగు ఏనుగు మాస్టారు మర్యాదగా కబురు పంపారు. "మీ మీద మాకే కోపమూ లేదు. ఆడేవాళ్ళకు వాటాలివ్వాలి కదా. అందుకు పండ్లు చాలడం లేదు. అందుకే వెళుతున్నాం. ఈ ఏడాది నుంచి మీతో ఆట ఉండదు."

ఆట లేదంటే పండ్లు లేవు.

చిట్టేరు బడి పెద్ద టీచరు నాంచారమ్మ అనే ఎలుగుబంటి. ఆవిడ ఆ కబురు రెండుసార్లు చెప్పించుకుని విన్నది. "వాళ్ళు మనకు అన్యాయం చేశారంటారా మాస్టారూ?" అని అడిగింది.

"తెలియడం లేదమ్మా. వాళ్ళ మాట వింటే వాళ్ళదే న్యాయం అనిపిస్తుంది. మన గంప చూస్తే మనకే అన్యాయం జరిగింది అనిపిస్తుంది," అన్నారు మాస్టారు.

ఆ మర్నాడే ఇద్దరు వచ్చారు. ముందు వచ్చింది ఏటికి అవతలి ఒడ్డున ఉన్న వేపలవాగు బడి మాస్టారు సాంబమూర్తి. ఆయన ముసలి ముంగిస.

"కోటయ్యగారూ, చిన్న బడులం నాలుగు మిగిలాం. మనలో మనమే ఆడుకుందాం. గంపలో ఎన్ని పడితే అన్ని. అందులోంచే పిల్లలకు ఇంత ఇద్దాం," అన్నారు.

ఆయన ఇంకా లేవకముందే కొండల కూటమి నుంచి ఒక డేగ వచ్చింది. అది పెద్దమడుగు చేరిన కూటమి కాదు, కొండల్లో ఉండే బడుల కూటమి. "మా కూటమిలో ఒక బడి తగ్గింది. మీరు వచ్చి చేరండి. పేరొస్తుంది. కానీ మా అన్ని బడుల్లాగా మీరూ ఆటగాళ్ళకు గంపలు గంపలు వాటా ఇవ్వాలి. ఆడడానికి కొండ దాటి మా దగ్గరికి రావాలి," అంది.

నాంచారమ్మ మాస్టారి మొహం చూసింది. కోటయ్య మాస్టారేమో సాంబమూర్తి వైపు తిరిగారు.

"మన నాలుగు బడుల ఆట ఎవరు చూస్తారండీ?" అన్నారు చివరికి. "కొండల కూటమి అంటే గొప్ప. అక్కడ గెలిస్తే పెద్దమడుగు వాళ్ళే మనల్ని మళ్ళీ ఆటకు పిలుస్తారు."

సాంబమూర్తి చేతికర్ర తీసుకుని ఏటి వైపు నడిచి వెళ్ళిపోయారు.

ఇక చిక్కల్లా పండ్ల దగ్గర వచ్చింది. ఆటగాళ్ళకు ఇవ్వడానికి బడిలో ఉన్నవి చాలవు. చాలాలంటే ఏదో ఒకటి మానేయాలి. నాంచారమ్మ, మాస్టారు మూడు రోజులు కూర్చుని ఆలోచించారు. చివరికి కుందేళ్ళ పరుగుపందెం, ఉడతల చెట్టెక్కే పందెం ఆపేశారు.

ఆ కబురు విని రాజ్యం అనే కుందేలు పరుగున వచ్చింది. అది చిన్నదే గానీ పరుగులో దాన్ని మించినవాళ్ళు లేరు.

"మేమేం తప్పు చేశాం మాస్టారూ?" అంది.

"ఏమీ చేయలేదమ్మా."

"మరి మా పందెం ఎందుకు తీసేశారు?"

"బడి పెద్దది కావాలి కదమ్మా, అందుకు."

"మమ్మల్ని తీసేస్తే బడి చిన్నదవుతుంది కదా మాస్టారూ, పెద్దదెలా అవుతుంది?" అంది. వెక్కిరింపుగా కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

మాస్టారు ముళ్ళు గలగలలాడించారు. "నీకు పెద్దయ్యాక తెలుస్తుందిలే," అన్నారు. పిల్లలూ, పెద్దవాళ్ళకు తెలియనప్పుడే ఆ మాట అంటారు. నేనూ మీతో అంటూ ఉంటాను కదా.

సరే, చిట్టేరు బడి కొండల కూటమిలో చేరింది.

మొదటి ఆట కొండ అవతల. మూడు రోజులు నడిచి వెళ్ళారు. దారంతా పలుగురాళ్ళు. అక్కడికి చేరేసరికి జట్టులో సగం మందికి కాళ్ళు చీరుకుపోయాయి. కొండగొర్రెలు వాళ్ళను తొమ్మిది గోల్స్‌తో ఓడించాయి. మళ్ళీ మూడు రోజులు నడిచి ఇంటికి వచ్చారు. ఆ వారమంతా బడిలో పాఠాలే లేవు.

రెండో ఆట ఇంకా దూరం. ఈసారి పట్టాభి ప్రాణం పెట్టి ఆడింది. ఏడు బంతులు ఆపింది. జట్టు ఒక్క గోలు తేడాతో ఓడింది. ఆట అవగానే కొండల బడి వాళ్ళు పట్టాభిని పక్కకు పిలిచి మాట్లాడారు. తిరుగు ప్రయాణంలో పట్టాభి వెంట రాలేదు. "వాళ్ళు రెట్టింపు ఇస్తామన్నారు మాస్టారూ. మీరు చెంగన్నను వెళ్ళనిచ్చారు కదా, నన్నూ వెళ్ళనివ్వండి," అంది. మాస్టారు సరేనన్నారు. కాదనడానికి ఏం మాట ఉంది? ఆ మధ్యే చెంగన్న నుంచి కబురు వచ్చింది. వాళ్ళమ్మ ఇప్పుడు లేచి నడుస్తోందట. అది విని మాస్టారికి సంతోషం కలిగింది. ఆ సంతోషం, ఈ దిగులు రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఆయనకు తెలియలేదు.

మూడో ఆట చిట్టేరులోనే. "ఈసారి మన ఊళ్ళో ఆట. మనవాళ్ళంతా వస్తారు. గంపలు నిండుతాయి," అంది నాంచారమ్మ. ఆవిడే స్వయంగా మైదానం ఊడ్చింది. గంపలు వరసగా పెట్టింది.

ఆట మొదలయ్యే వేళయింది. ఎవరూ రాలేదు.

ఆట సగమయింది. ఒక తాబేలు వచ్చింది. అదీ ఏటికి వెళుతూ దారి తప్పి వచ్చింది.

మాస్టారు ఖాళీగా ఉన్న గట్టు వైపు చూస్తూ నిలబడిపోయారు. నాంచారమ్మ మెల్లగా దగ్గరికి వచ్చింది. "పోయిన ఏడాది వరకు ఇక్కడ కూర్చునేవాళ్ళు ఎవరు మాస్టారూ?" అంది.

మాస్టారు ఒక్కొక్కళ్ళనే గుర్తు చేసుకున్నారు. గట్టు మీద కూర్చునేవి కుందేళ్ళ అమ్మానాన్నలు. పొద్దున్న తమ పిల్లల పరుగు చూడ్డానికి వచ్చేవాళ్ళు. సాయంత్రం బంతాట కూడా చూసి వెళ్ళేవాళ్ళు. చెట్ల కొమ్మల మీద ఉడతల తాతలు, అవ్వలు. ఇటు పక్క వేపలవాగు వాళ్ళు. వాళ్ళంతా బంతాట కోసమే వస్తున్నారని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నారు.

"అమ్మా, నేను తప్పు చేశాను," అన్నారు.

"ఇద్దరం చేశాం," అంది నాంచారమ్మ.

ఆ ఏడాది ఆటలు ముగియగానే చిట్టేరు బడి కొండల కూటమి నుంచి బయటికి వచ్చేసింది. కోటయ్య మాస్టారు ముందు కుందేళ్ళ బొరియల దగ్గరికి వెళ్ళారు. రాజ్యం వాళ్ళమ్మ గరిక ఎండబెడుతోంది. ఆవిడ లేచి నిలబడింది గానీ కూర్చోమనలేదు.

"రాజ్యం ఏదమ్మా? పందెం మళ్ళీ పెడుతున్నాం. చెబుదామని వచ్చాను."

"అది వేపలవాగు బడిలో చేరింది మాస్టారూ. మీరు పందెం తీసేసిన వారానికే వాళ్ళు పిలిచారు," అంది ఆవిడ.

ఇంతలో రాజ్యమే ఒళ్ళంతా దుమ్ముతో వచ్చింది.

"నువ్వు అడిగిన ప్రశ్నకు ఆ రోజు నాకు జవాబు తెలియదమ్మా. తెలిసినట్టు మాట్లాడాను. తప్పు నాదే. మన బడికి తిరిగి వస్తావా?" అన్నారు మాస్టారు.

రాజ్యం తన అమ్మ వైపు చూసింది. తరువాత మాస్టారి వైపు చూసింది. "అక్కడ నన్ను బాగా చూసుకుంటున్నారు మాస్టారూ. వాళ్ళను వదిలి వస్తే వాళ్ళు బాధపడరా?" అంది.

మాస్టారు ముళ్ళు గలగలలాడించబోయి ఆగారు. "పడతారు. నువ్వు అక్కడే పరిగెత్తు తల్లీ," అన్నారు.

అక్కడి నుంచి నేరుగా ఏరు దాటి సాంబమూర్తి దగ్గరికి వెళ్ళారు. "మీరు అప్పుడు చెప్పిన నాలుగు బడుల ఆటలో నాకింకా చోటుందా?" అని అడిగారు.

"మూడు బడులతో ఆడి ఆడి విసుగొచ్చిందయ్యా. రా, కూర్చో," అన్నారు సాంబమూర్తి.

వానలు వెలిశాయి. చిట్టేరు మైదానంలో వేపలవాగుతో ఆట పెట్టారు. పొద్దున్నే ఉడతల చెట్టెక్కే పందెం, ఆ తరువాత కుందేళ్ళ పరుగు. చిట్టేరులో మిగిలిన కుందేళ్ళు అన్నీ పరిగెత్తాయి. వేపలవాగు తరఫున రాజ్యం పరిగెత్తింది. అందరినీ దాటేసి ముందు వచ్చింది. చిట్టేరు ఓడింది. ఓడినా అక్కడున్నవాళ్ళంతా లేచి నిలబడి కేకలు వేశారు.

సాయంత్రం బంతాట. పొద్దున్న వచ్చినవాళ్ళెవరూ గట్టు మీంచి కదల్లేదు. గంపలు రెండున్నర నిండాయి. ఆడినవాళ్ళకు తలా నాలుగు పండ్లు వచ్చాయి. ఎక్కువేమీ కాదు. వచ్చే ఏడు ఎవరు ఉంటారో, ఎవరు వెళతారో మాస్టారికి తెలియదు. పెద్దమడుగులో వారానికో గంప ఇస్తున్నారు మరి.

రాజ్యం వాళ్ళమ్మ సరిగ్గా మైదానం మధ్య గీతకు ఎదురుగా కూర్చుంది. ఇల్లు చిట్టేరులో, కూతురు వేపలవాగులో.

"మాస్టారూ, నేనిప్పుడు ఏ జట్టు గెలవాలని అరవాలి?" అని అడిగింది.

కోటయ్య మాస్టారు ఆవిడ పక్కనే, ముళ్ళు గుచ్చుకోకుండా కాస్త ఎడంగా కూర్చున్నారు.

"నాకూ తెలియదమ్మా," అన్నారు. "బంతి ఎటు వెళితే అటు అరుద్దాం."

నీతి: గొప్పవాళ్ళ వరసలో నిలబడాలన్న ఆరాటంలో, మన కోసం రోజూ వచ్చి కూర్చునే చిన్నవాళ్ళను లేపి పంపకూడదు. పంపితే వాళ్ళు తిరిగి రాకపోవచ్చు.